తాతగారి పెట్టెలో ఆర్ కార్డు దొరికింది. మా ఊరు ఇప్పుడు స్టీలు ప్లాంటులో ఎక్కడుంది?

గాజువాక_మనవడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు.

పోయిన నెల తాతగారి సంవత్సరీకానికి హైదరాబాదు నుంచి గాజువాక వెళ్ళాం. ఆయన మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మొన్న నాన్న తాళం పగలగొట్టి తీస్తే పైన ఒక జరీ పంచె, దాని కింద ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టిన శిస్తు రసీదులు, విశాఖ స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు పోయిన నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు), అన్నిటికన్నా అడుగున వల అల్లే చెక్క సూది ఉన్నాయి. పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది.

రసీదులు సరే, మాది రైతు కుటుంబం. రెండెకరాల పల్లం, కొంచెం గరువు (మెట్ట), ఆ గరువులో జీడిమామిడి ఉండేవని నాన్న చెప్తారు. ఊరు ఖాళీ చేసేటప్పటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. ఆ కార్డు మీద మా ఇంట్లో ఎవరికీ ఉద్యోగం రాలేదు. నాన్న లారీ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు.

మా ఊరు ఇప్పుడు ప్లాంటులో ఏ భాగంలో ఉందో తెలుసుకునే దారేమైనా ఉందా? ఊరి పేరు ఇక్కడ రాయను, మా ఇంటిపేరు తెలిసినవాళ్ళు పట్టేస్తారు. సాయం చేయగలిగినవాళ్ళకి మెసేజ్‌లో చెప్తాను. ఇంకో సంగతి, నాగలి పట్టిన మనిషి పెట్టెలో వల సూది ఎందుకుంది? నాన్నకీ తెలియదంటున్నారు.

నోరూరే_నెత్తళ్ళు | రాత్రి 9:20

రెండోదానికి నేను చెప్తా. చేపల పులుసు మీద ప్రేమ.

ఫోర్‌మన్_రిటైర్డ్ | రాత్రి 10:05

బాబూ, మెసేజ్ పెట్టు. నేనూ ఆర్ కార్డు మీద చేరినవాడినే. ముప్ఫై ఏళ్ళు పైగా చేశాను.

మొత్తం 64 ఊళ్ళు అంటారు. భూమి ఇరవై వేల ఎకరాల పైమాట. కార్డులు పదహారు వేల పైచిలుకు ఇచ్చారు, ఉద్యోగాలు వచ్చింది అందులో దాదాపు సగం ఇళ్ళకి. మీ ఇంట్లో రాలేదంటే ఆశ్చర్యమేమీ లేదు, మా వీధిలోనే అటు నలుగురు ఇటు నలుగురు.

ఊరు ఎక్కడుందనే మాట. లోపల పనిచేసినవాళ్ళకి రెండు మ్యాపులుండేవి. ఒకటి కాగితం మీదది, కోక్ ఓవెన్లు, సింటర్ ప్లాంటు, బ్లాస్ట్ ఫర్నేస్ అని. రెండోది మా నోళ్ళలో ఉండేది. సి షిఫ్ట్‌లో, అదే రాత్రి షిఫ్ట్‌లో, టీ తాగుతూ మా సీనియర్ ఒకాయన అనేవాడు, "ఇదిగో మనం కూచున్నది మా పెదనాన్న కళ్ళం" అని. ఇంకొకాయనకి కన్వేయర్ కింద నుంచి నడిచినప్పుడల్లా అక్కడ ఉండిన చింతచెట్టు గుర్తొచ్చేది, వంగి నడిచేవాడు. కొమ్మ తగులుతుందని అలవాటట. మేం నవ్వేవాళ్ళం. ఆ తరం అందరూ రిటైరైపోయారు, ఆ రెండో మ్యాపు కూడా వాళ్ళతోటే ఇంటికెళ్ళిపోయింది.

ఇంకోటి, నీళ్ళు నిలిచి ఉన్న చోటు చూడు. కణితి రిజర్వాయరు పక్క ఊళ్ళు కొన్ని, టౌన్‌షిప్ కింద కొన్ని, అచ్చంగా ఖాళీగా జీడితోపులాగే మిగిలిపోయినవి కొన్ని. నీ ఊరు మూడో రకమైతే అదృష్టం, నుయ్యి గట్టయినా దొరుకుతుంది.

వకీలు_గారు | రాత్రి 10:31

శిస్తు రసీదులు జాగ్రత్త. వాటి మీద పట్టా నంబరు ఉంటుంది, రాసిన కరణం ఓపికను బట్టి సర్వే నంబరు కూడా ఉంటుంది. అది ఉంటే పాత గ్రామ పటంలో మీ పొలం చెక్క ఎక్కడో తేలుతుంది. సర్వే శాఖ దగ్గర పాత పటాల నకళ్ళకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక చిక్కు చెప్తాను, ఇప్పటి మండలం పేరుతో వెతికితే దొరకదు. మండలాలు వచ్చింది 1985లో. మీ రసీదులు అంతకు ముందువి కాబట్టి తాలూకా, ఫిర్కా (తాలూకాలో ఒక భాగం) పేరు చూడండి. ఆ నకలుని ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు పక్కన పెట్టి, చెరువులు, గెడ్డలు (వాగులు) కలిపి చూసుకోండి. చెరువు పూడ్చినా గెడ్డ మలుపు అంత తొందరగా మారదు.

వన్‌టౌన్_మాస్టారు | రాత్రి 11:48

నిద్ర పట్టక రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

విశాఖ పల్లె బతుకు స్టీలు ప్లాంటుతో పోయిందని అందరూ అనేస్తారు. అది ఆఖరి పెద్ద ముక్క, అంతే. మొదలు హార్బరుది. డాల్ఫిన్ నోస్ కొండ ఉంది కదా, దాని చాటున ఉప్పుటేరు, బురద, మడ చెట్లు. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య ఓడ ఒదిగి నిలబడడానికి అంత మంచి చోటు ఇంకోటి లేదు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసింది. ఆ లైను చివర ఓడలు కావాలి, ఓడలకి లోతు కావాలి. బురద తవ్వారు. అలలు ఆపడానికి రాతి గోడకి తోడు రెండు పాత ఓడల్ని అడ్డంగా ముంచేశారు. 1933లో హార్బరు తెరిచారు. 1901 లెక్కల్లో ఈ ఊరి జనాభా నలభై వేల చిల్లర. 1951కి లక్ష దాటింది.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకి బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను వాళ్ళు బాంబులు వేశారు, సగం ఊరు బండ్లు కట్టుకుని పల్లెలకి పారిపోయింది. మా అమ్మ చోడవరం వైపు పోయిన బండిలో పసిపిల్ల. 1948లో నెహ్రూ గారొచ్చి అక్కడ కట్టిన జల ఉష అనే ఓడను నీళ్ళలోకి దింపారు. 1957లో రిఫైనరీ. ఆ తర్వాతి దశాబ్దంలో ఎరువుల ఫ్యాక్టరీ, బి.హెచ్.పి.వి. అనే భారీ పరికరాల కార్ఖానా, బైలదిల్లా గనుల ఇనప ఖనిజం జపానుకి పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ లైను. జపాను వాళ్ళే బాంబులు వేశారు, పాతికేళ్ళకి వాళ్ళే గిరాకీ అయ్యారు. 1976 నాటికి పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బరు. ఇన్ని జరిగాక వచ్చింది ఉక్కు.

వీటన్నిటికీ కూలి జనం కావాలి. వాళ్ళెవరు? చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతుకూలీలు, వాన లేని ఏడు పొలం వదిలిన చిన్న రైతులు, చేపల్లేని నెలల్లో రేవులో మూటలు మోసిన జాలర్లు. ఇక్కడ ఎవడూ పొద్దున్నే లేచి "నేనింక కార్మికుడిని" అనుకోలేదు. నాలుగు నెలలు రేవులో మోసి, నాట్లకి ఇంటికెళ్ళి, మళ్ళీ వచ్చేవాడు. ఒక ఏడు వెళ్ళలేదు. అంతే.

గాజీ_వేట | రాత్రి 11:59

మాస్టారూ, 1971లో పాకిస్తాన్ గాజీ సబ్‌మెరైన్ మునిగినప్పుడు తేలిన సామాన్లు ముందు చూసింది మన జాలర్లే. అది కూడా రాయండి.

మోడరేటర్ | రాత్రి 12:10

గాజీకి వేరే త్రెడ్ ఉంది, 140 పేజీలు. దయచేసి అక్కడికి వెళ్ళండి.

బెల్లం_దిమ్మ | సోమవారం, ఉదయం 6:40

మాది అనకాపల్లి దగ్గర. ఇప్పటికీ చెరకే. ఒక మాట అడుగుతా, ఎవరూ కోప్పడొద్దు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా ఊగిపోయింది. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. అందరికీ దణ్ణం. కానీ అప్పుడు గొంతు చించుకున్నవాళ్ళలో పొలం పోయేవాళ్ళు ఎంతమంది? ఆంధ్రుల హక్కట, పోయింది మాత్రం ఆ అరవై ఊళ్ళ ఆంధ్రులదే.

ఫోర్‌మన్_రిటైర్డ్ | ఉదయం 7:15

మా నాన్న 1966 ఊరేగింపులో ఉన్నాడు. పది మైళ్ళు నడిచి వెళ్ళాడు. తర్వాత భూమి నోటీసు అందుకున్నదీ ఆయనే. ఆ రెండిటికీ పేచీ ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. ఇందిరా గాంధీ గారు 1971 జనవరిలో శంకుస్థాపనకి వచ్చినప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. ఆయన పేచీ అంతా తర్వాత ఇరవై ఏళ్ళ ఆలస్యంతోటే. రాయి వేశారు, పొలాలు తీసుకున్నారు, కంపెనీ పెట్టింది 1982లో, మొదటి ఫర్నేస్ వెలిగింది 1990లో. పొలం లేదు, ఉద్యోగం లేదు, మధ్యలో ఆ ఏళ్ళన్నీ ఏం తినాలి? కార్డులు అప్పటికే కొందరు అప్పులవాళ్ళ దగ్గర తాకట్టు పెట్టేశారు. అది అసలు కథ, ఎవరూ రాయరు.

గోదావరి అని పేరు ఆ ఫర్నేసుకి. మొదటి ఇనుము కారిన రోజు మా నాన్నకి చెప్తే, "మన పల్లంలో గోదారి వచ్చిందన్నమాట" అన్నాడు. నీటికి మొగం వాచిన పొలం అది.

సింధియా_మెకానిక్ | ఉదయం 9:02

ఈ ఏడుపు నాకు అర్థం కాదు. మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు. నేను పోర్టులో కాంట్రాక్టు మెకానిక్‌ని. మా తాత చోడి అంబలి తాగి, ఇంకొకరి పొలంలో పాలేరుతనం చేసి చచ్చాడు. ఆయన పల్లె బతుకు గురించి ఎవరూ కవిత్వం రాయలేదు, ఆయనకీ దాని మీద ప్రేమ లేదు. ఫ్యాక్టరీ గేటు లోపల మా నాన్నని ఇంటిపేరుతో పిలిచారు. ఊళ్ళో "ఒరేయ్" అనేవాళ్ళు. పచ్చటి పొలాలు, చల్లటి గాలి అని రాసేవాళ్ళంతా ఆ పొలాల సొంతదార్లు.

గాజువాక_మనవడు | ఉదయం 9:30

మీరన్నది కాదనను. మా తాతకి రెండెకరాలే అయినా ఒక పాలేరు ఉండేవాడట. ఆయన కుటుంబానికి కార్డు వచ్చిందో లేదో నాన్నని అడిగాను. తెలియదన్నారు. ఇంతవరకూ అడగనందుకు నాకే సిగ్గేసింది.

వకీలు_గారు | ఉదయం 10:20

మెకానిక్ గారి మాట చట్టంలో కూడా కనిపిస్తుంది. అప్పటి భూసేకరణ అంతా 1894 చట్టం కింద. అది చూసేది భూమి మీద కాగితం ఎవరికుందని. పాలేరు, కౌలుదారు, తాళ్ళు గీసేవాడు, చేపలమ్ముకునే ఆవిడ, వీళ్ళ బతుకు ఆ భూమి మీదే నడిచినా కాగితం లేదు కాబట్టి లెక్కలోకి రావడం కష్టం. 2013లో వచ్చిన కొత్త చట్టంలో 'బాధిత కుటుంబం' అనే మాటని పెంచారు. కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవాళ్ళు, నీటి వనరుల మీద బతికే మత్స్యకారులు, పడవలవాళ్ళు కూడా, మూడేళ్ళ ముందునుంచి అదే జీవనాధారమైతే, లోపలికి వచ్చారు. విశాఖలో పెద్ద సేకరణలు చాలావరకు అప్పటికే అయిపోయాయి.

గంపమ్మ_మనవరాలు | మధ్యాహ్నం 1:45

లంచ్‌లో రాస్తున్నాను. నాకు మనవడి గారి వల సూది సంగతి తెలుసనిపిస్తోంది. తెలుసంటే ఆయన తాతగారు తెలుసని కాదు.

మాది అదే తీరంలో జాలరి ఊరు. ఇప్పుడు లేదు, అక్కడ వేరే కట్టారు, దాని జోలికి పోను. మా అమ్మమ్మ గంప మోసేది. తెల్లవారుజామున తెప్పలు ఒడ్డుకి రాగానే కవళ్ళు, కానాగంతలు గంపకెత్తుకుని నాలుగు మైళ్ళు లోపలికి నడిచేది, రైతుల ఊళ్ళకి. డబ్బు తక్కువ ఊళ్ళు అవి. చేపలిచ్చి చోళ్ళు, గంటెలు, చింతపండు, మిరపకాయలు తెచ్చేది. వరి కోతల ముందు ఇళ్ళల్లో గింజ ఉండదు కదా, "పంటకి ఇత్తాం అప్పా" అనేవారు. అమ్మమ్మకి చదువు రాదు. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు. నిలువు గీత అయితే ఒక కుంచం, అడ్డగీత కొట్టేస్తే తీరిపోయినట్టు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. తాటిచెట్టు గుర్తు ఒకరిది, పొగచుట్ట గుర్తు ఒకరిది. కోతలయ్యాక సంచి పట్టుకుని కళ్ళాలకి వెళ్ళేది. ఎవరూ ఎగ్గొట్టేవారు కాదట. చేపలు రేపు కూడా కావాలి కదా.

ఆ రైతుల ఊళ్ళు ఖాళీ చేసిన ఏడు, పదకొండు ఇళ్ళ బాకీ గోడ మీద ఉండిపోయింది. ఎవరు ఏ కొత్త కాలనీకి పోయారో తెలియదు. అమ్మమ్మ గంప లేకుండా ఉత్తచేతులతో ఆ కాలనీలన్నీ తిరిగింది. కొందరు డబ్బిచ్చారు. ఒకావిడ దగ్గర ఏమీ లేక ఇత్తడి బిందె ఇచ్చింది. ఆ బిందె మా ఇంట్లో ఇంకా ఉంది. నలుగురు దొరకనే లేదు. "ఆలకి ఎగ్గొట్టే బుద్ది నేదే. ఆల ఊరే నేదు, ఏటి సేత్తారు" అనేది.

ఇప్పుడు గమనించండి. మా ఊరు అప్పటికి ఖాళీ చెయ్యలేదు. మాకు నోటీసు రాలేదు. మా సముద్రం ఎక్కడికీ పోలేదు. కానీ చేపలు కొనేవాళ్ళు పోయారు. చోళ్ళు పోయాయి. ఆ గోడ మీద గీతలకి నష్టపరిహారం ఏ ఫారంలో రాస్తారు? తర్వాత ఎప్పుడో మా వంతు వచ్చినప్పుడు కూడా ఇళ్ళు లెక్కపెట్టారు, తెప్పలు లెక్కపెట్టారు. ఒడ్డు లెక్కపెట్టలేదు. వల ఆరేయడానికి, చేప ఎండబెట్టడానికి, తెప్ప లాగడానికి ఎంత ఇసక కావాలో వాళ్ళకేం తెలుసు.

మళ్ళీ సూది దగ్గరికి వస్తాను, టైమైపోతోంది. మా ఒడ్డున పెద్ద వల వేసేవారు. ఒక కొస ఒడ్డున ఉంచి, నావలో వల చుట్టూ తిప్పి తెచ్చి, రెండు తాళ్ళూ ఒడ్డు మీద నుంచి లాగడం. అటు పాతిక మంది, ఇటు పాతిక మంది కావాలి. జాలర్లు చాలేవారు కాదు. పొలం పనుల్లేని రోజుల్లో రైతుల ఊళ్ళనుంచి మగాళ్ళు వచ్చేవారు. తాడు పట్టినవాడికల్లా వాటా. వల చిరిగితే లాగినవాళ్ళే కూచుని బాగుచేసేవారు. మీ తాతగారూ ఆ తాడు లాగి ఉంటారు.

గాజువాక_మనవడు | మధ్యాహ్నం 2:10

నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, చిన్నప్పుడు తాత కొన్ని రాత్రులు ఇంటికి రాకపోయేవాడట, పొద్దున్నే కొబ్బరాకు బుట్టలో చేపలు తెచ్చేవాడట. కొనుక్కొచ్చాడనుకున్నాం అన్నారు.

సింధియా_మెకానిక్ | మధ్యాహ్నం 2:40

అక్కా, గోడ మీద గీతల సంగతి బావుంది. మా తాత కూడా ఆ తాడు పట్టి ఉంటాడేమో. అడగడానికి మనిషి లేడు.

పరవాడ_అబ్బాయి | సాయంత్రం 6:30

మీరంతా పాతవి రాస్తున్నారు, మా దగ్గర ఇది ఇప్పుడు నడుస్తోంది. పరవాడలో కరెంటు ప్లాంటు, ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో సెజ్. మా అమ్మ పొద్దున 5:30కి కంపెనీ బస్సెక్కి బట్టలు కుట్టడానికి వెళ్తుంది. పాతికమంది ఆడవాళ్ళు మా ఊరినుంచే. నాన్న వేటకి వెళ్తాడు. ఇంట్లో నెలజీతం అమ్మది. మా అన్న వేటకి వెళ్తానంటే అమ్మే వద్దంది, సముద్రానికి వెళ్ళేవాడికి పిల్లనెవరిస్తారని. వాడు గుజరాత్ వెరావల్ వెళ్ళి వేరేవాళ్ళ బోటు మీద అదే వేట చేస్తున్నాడు. అక్కడైతే ఉద్యోగమట.

ఒడ్డుకి దగ్గరలో చేప తగ్గిందని నాన్న అంటాడు. ఒడ్డునుంచి 8 కిలోమీటర్లలోపు చిన్న పడవలకే అని చట్టం ఉంది. రాత్రుళ్ళు పెద్ద బోట్ల లైట్లు ఎక్కడ కనపడతాయో మా ఊరి పిల్లలకి కూడా తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. దానికి గవర్నమెంటు ఇచ్చే సొమ్ము 2025లో 20,000 చేశారు. అదీ పడవ కాగితం ఉన్నవాడికి. మళ్ళీ కాగితమే.

ఒకటి మాత్రం నాన్న దగ్గర నేర్చుకున్నది చెప్తాను. నీళ్ళలో రాతి దిబ్బ ఎక్కడుందో పాతవాళ్ళు కొండ గుర్తులతో పట్టేవారు. ముందు కొండ అంచూ, వెనక కొండ శిఖరమూ ఒక గీతలోకి రావాలి. ఇంకోవైపు ఇంకో రెండు గుర్తులు. రెండు గీతలు కలిసిన చోట వల వెయ్యాలి. ప్లాంటు చిమ్నీలు లేచాక నాన్నవాళ్ళు తాటిచెట్లు మానేసి చిమ్నీలతో గుర్తులు పెట్టుకున్నారు. మబ్బు పట్టినా పొగ కనపడుతుంది కదా. ఇప్పుడు ఫోన్‌లో జీపీఎస్. కానీ బ్యాటరీ అయిపోతే నాన్న ఇంకా "మూడో గొట్టం కొండ మీదికి రానీ" అనే అంటాడు.

వన్‌టౌన్_మాస్టారు | రాత్రి 8:15

పరవాడ అబ్బాయి రాసింది చదివి చాలాసేపు కూచున్నాను.

ఒడ్డు లెక్కపెట్టలేదని అమ్మాయి రాసింది కదా, దానికి ఒక ముక్క కలుపుతాను. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నది నీటిలాగే, కంటికి కనపడదు. దానికి అడ్డంగా గోడ కడితే దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోసుకుపోతుంది. హార్బరు కట్టిన ఇంజనీర్లకి ఇది తెలుసు, అందుకే ఇసక పట్టే గుంట తవ్వి, అందులో పడిన ఇసకని తోడి ఉత్తరాన బీచ్ మీద పోసే ఏర్పాటు చేశారు. ఇవాళ్టికీ మన ఆర్కే బీచ్‌కి ఇసక అలా పొయ్యాల్సిందే. సరిగ్గా పొయ్యని ఏడు రోడ్డు గోడ దాకా అలలు వస్తాయి. బీచ్‌లో మొక్కజొన్న తింటున్నవాడికి తను కూచున్న ఇసక డ్రెడ్జరు పోసిందని తెలియదు. ఊరి బీచ్‌కైతే పోస్తారు. జాలరి ఊరి ముందు కోసుకుపోతే ఎవరు పోస్తారు?

బెల్లం_దిమ్మ | రాత్రి 8:50

అందుకే మరి 2021లో ప్లాంటు అమ్మేస్తామన్నప్పుడు మాకు ఒళ్ళు మండింది. కూర్మన్నపాలెం శిబిరంలో నేనూ కూచున్నాను, స్టీలు ఉద్యోగిని కాకపోయినా. దేశం కోసం అని తీసుకున్న భూమి. దేశానికి అక్కర్లేకపోతే ముందు అడగాల్సింది ఎవర్ని? 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, బాగు చేస్తామంటున్నారు. మంచిదే. కార్డులు చేతిలో పట్టుకుని ముసలాళ్ళైపోయినవాళ్ళ ఊసు మాత్రం అందులో నాకు కనపడలేదు.

నోరూరే_నెత్తళ్ళు | రాత్రి 9:00

నిన్న నవ్వించబోయాను, తప్పైంది. మా నాన్నమ్మ గంపమ్మే. నేను చెప్పుకోను ఆఫీసులో.

గంపమ్మ_మనవరాలు | రాత్రి 9:25

చెప్పుకోండి. నేను బ్యాంకులో లోన్ సెక్షన్‌లో ఉన్నాను. పదకొండు ఇళ్ళకి పూచీ లేకుండా అప్పిచ్చి ఏడు వసూలు చేసిన మనిషి మా అమ్మమ్మ. మా బ్రాంచి అంత చేస్తే చాలు.

(మనవడి గారూ, మీ ఊరి పేరు మెసేజ్ చేశారు కదా. అమ్మ గోడ గుర్తుల్లో కొన్ని గుర్తు తెచ్చుకుంది. మీ ఊళ్ళో రెండిళ్ళున్నాయి. పేర్లు ఇక్కడ రాయను.)

గాజువాక_మనవడు | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:40

అందరికీ ఒక మాట చెప్పి ముగిస్తాను. ఫోర్‌మన్ గారు మాతో వచ్చారు. ఆయన రాకపోతే ఏమీ దొరికేది కాదు. వకీలు గారు చెప్పినట్టు రసీదులో సర్వే నంబరు ఉంది. పటం నకలు ఇంకా రాలేదు, కానీ ఫోర్‌మన్ గారు గెడ్డ మలుపు పట్టుకున్నారు. మా ఊరు మూడో రకమే. గోడ అవతల, జీడితోపు. లోపలికి పోలేదు, రోడ్డు మీద నుంచే చూశాం. నాన్న ఒక చోట చెయ్యి చూపించి బడి అన్నారు. ఫోర్‌మన్ గారు కాదు, బడి అటు, అది రామకోవెల అన్నారు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు.

అక్కడినుంచి అప్పికొండ వెళ్ళి సోమేశ్వరుడి గుడి చూసి కిందికి ఒడ్డుకి దిగాం. ఒక పెద్దాయన నీడలో కూచుని వల బాగుచేస్తున్నాడు. ప్లాస్టిక్ సూది. నాన్న జేబులోంచి చెక్క సూది తీసి చూపించారు. ఆయన తీసుకుని, ముందు దాని వెడల్పుకి తన బొటనవేలు అడ్డం పెట్టి చూశాడు. "ఇది నెత్తళ్ళ వలకి ఎక్కదు. కన్ను ఇంతకన్న పెద్దది ఉంటేనే సూది దూరతాది. పెద్ద వల రెక్కల్ది ఇది" అన్నాడు. రెక్కలంటే తాళ్ళ వైపు ఉండే పెద్ద కళ్ళ భాగం అట. లాగేవాళ్ళ చేతికి అందే చోటు. గంపమ్మ మనవరాలు గారూ, మీరన్నట్టే.

తర్వాత ఆయన తన దారం కొంచెం దానికి చుట్టి, నాన్న చేత ఒక ముడి వేయించాడు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోది నిలిచింది. "మీ బాబు సెయ్యే" అన్నాడాయన, మా తాతని ఎన్నడూ చూడకుండానే.

ఇప్పుడొక చిన్న సాయం. నాన్న గాజువాకలోనే ఉండిపోయారు, హైదరాబాదు రానంటున్నారు. రోజూ ఆ సూది పట్టుకుని కూచుంటున్నారు. వల దారం విడిగా ఎక్కడ దొరుకుతుంది? పూర్ణా మార్కెట్‌లో అడిగితే పెద్ద చుట్టలే ఉన్నాయన్నారు.

పరవాడ_అబ్బాయి | రాత్రి 10:52

కొనకండి. నాన్న దగ్గర సగం చుట్ట ఉంది, ఆదివారం గాజువాక వస్తున్నాడు. నంబరు మెసేజ్ చెయ్యండి. దారం సన్నదా లావుదా అని అడిగి చెప్పండి, కన్ను సైజు కూడా.